చూ. 112

గ్రిమ్స్‌బీలో, ఫ్రీమన్ వీధి చివర
ధర్మానికి నడిపే పాత సామాన్ల కొట్లో
పింగాణీ పిల్లుల వెనక దొరికింది,
ఒకటిన్నర పౌనుకి.
అట్ట మీద మునిగిపోయిన రేవు.
నీళ్ళ పైకి గంటస్తంభం కొస ఒక్కటే.

ఇంటికొచ్చి తెరిస్తే
మొదటి పుటలోనే మర్యాదగా చెప్పేసింది:
ఈ పుస్తకం ఒక్కదానితో ఆట సాగదు,
మూలగ్రంథం మీ దగ్గర ఉండాలి, అని.
ఆలూ చూలూ లేకుండానే
సోమలింగాన్ని ఎత్తుకుని నిలబడ్డాను.

ఎంత ముచ్చటైన పుస్తకమో కానీ!
రేవులో దీపాలార్పే వాడి పేరుంది,
వాడి కుంటికాలికి కారణం ఉంది,
చేపల వేలంలో దొంగతూకం ఎవరిదో ఉంది.
ఆటుపోట్ల పట్టిక.
రెండు పుటల నిండా పరుచుకున్న ఉప్పుదయ్యం.
కత్తి ఎంత లోతు దిగుతుందో లేదు.
పాచికలు ఎన్ని వెయ్యాలో లేదు.
మనిషి ఎప్పుడు చస్తాడో లేదు.
అడిగిన ప్రతిచోటా నిఘంటువులోలా
పొట్టి జవాబు:
చూ. 61. చూ. 88. చూ. 112.

శ్లోకాలన్నీ చెదలు తినేసి
తాత్పర్యాలే మిగిలిన పుస్తకం ఒకటి
తెనాలిలో చూశానెప్పుడో.
పుటపుటకీ అనగా, అనగా అంటూ,
ఏది అనగానో తెలియకుండా.

మూలం గెరైంట్ తెచ్చాడు,
వెన్ను విరిగింది, బీరు మరకలది.
కాకపోతే మూడో కూర్పు.
మా రేవు పుట్టింది రెండోదానికి.

గురువారం రాత్రి, లాండ్రీ పైగదిలో ఆట.
కింద యంత్రాలు తిరుగుతుంటే బల్ల వణుకుతుంది,
వేసిన పాచిక కూడా మనసు మార్చుకుంటుంది.
అందుకే పళ్ళెంలో వేస్తాం.

కమల్‌జీత్ ఆడే దొంగపిల్ల
పడవ అంచు మీంచి జారింది.
చీకటి. నీళ్ళు.
ఊపిరి ఎంతసేపు నిలుస్తుంది?
చూ. 112.
గెరైంట్ పుట తిప్పి గట్టిగా చదివాడు:
"కంచరగాడిద, జీనుతో సహా,
ఎనిమిది వెండి నాణేలు."

"సరే, కొంటాను, తొందరగా ఇవ్వండి,"
అంది కమల్‌జీత్, మునుగుతూనే.
పొట్ట పట్టుకుని నవ్వాం.

పౌలీన్ నవ్వలేదు.
డెబ్భై ఒకటో ఏట పాచిక పట్టిన మనిషి,
అల్లం బిస్కెట్లు తెస్తుంది,
నియమాలు ఒక్క ముక్క చదవదు.
కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"చేతులు ముందు పోతాయి," అంది.
"తాడు కనిపిస్తూనే ఉంటుంది. వేళ్ళు మూసుకోవు.
తర్వాత మాట. అరుస్తున్నాననే అనుకుంటాడు.
వణుకు ఆగిందంటే
ఇంక లెక్కపెట్టకండి."

ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు.
ఆమె ఇంటిపేరు రేవు దగ్గర ఇత్తడి పలకలో
రెండుసార్లు ఉంది.
ఆదివారాలు నడకకి వెళ్ళి చదివేవాణ్ణి,
ఉచ్చారణ ఎలాగో అనుకుంటూ.

కింద ఒక యంత్రం ఆగింది.
కమల్‌జీత్ పాచిక వేసింది. నాలుగు.
గెరైంట్ పుస్తకం మూసి పౌలీన్ వైపు చూశాడు.
ఆమె తల ఊపింది.
దొంగపిల్ల తాడుని
పళ్ళతో పట్టుకుంది.

ఇంటికొచ్చి పెన్సిలు వెతికి
112 కొట్టేశాను.
పక్కన రాశాను: చూ. పౌలీన్.
రేపెప్పుడో ఇది మళ్ళీ
ఆ పిల్లిబొమ్మల వెనకే ఎవరికో దొరికితే
ఆ పౌలీన్ ఏ కొట్లో అమ్ముతారని
ఎంత తిరుగుతారో పాపం.

కంచరగాడిద సంగతంటారా,
నియమం నియమమే అని పట్టుబట్టి
ఎనిమిది నాణేలూ కట్టించుకున్నాడు గెరైంట్.
ఇప్పుడది మా పడవలోనే ఉంది, జీనుతో సహా.
దానికి నీళ్ళంటే భయం.
ఎంతో, ఏ పుటలోనూ లేదు.